ఆరు పళ్ళ చిరునవ్వు

పెళ్ళయిన పద్దెనిమిదో రోజున సువర్చలకి ఉద్యోగం వచ్చింది. అదేం ఉద్యోగమో ఎవరికీ చెప్పకూడదన్నది అందులో మొదటి షరతు. సువర్చల మాట తప్పే మనిషి కాదు. అత్తగారికీ, తోడికోడలికీ, పక్కవాటాలో పిన్నిగారికీ, పాలు పోసే మంగతాయారుకీ తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

ఉద్యోగం పేరు 'రహస్య అతిథి'. ఊరూరా పెట్రోలు బంకులున్న ఒక కంపెనీ, తన బంకుల్లో జనానికి మర్యాద జరుగుతోందో లేదో చూసి రమ్మని మామూలు మనుషుల్ని పంపిస్తుంది. వెళ్ళాలి, బండిలో పెట్రోలు కొట్టించుకోవాలి, ఎవరికీ అనుమానం రాకుండా అన్నీ చూడాలి, కాస్త దూరం వచ్చాక ఫోన్లో అరవై నాలుగు ప్రశ్నలకి జవాబులు పెట్టాలి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి? పైగా వెంట ఒక మనిషిని తీసుకెళ్ళవచ్చునని ఉత్తర్వులోనే రాసి ఉంది. ఆ మనిషి తాడేపల్లిగూడెంలో ప్రైవేటు కాలేజీలో బోటనీ చెప్పే ఫణిభూషణ్. అంటే ఆమె మొగుడే. జీతమిచ్చి మరీ మొగుడి వెనకాల స్కూటరు మీద ఊళ్ళు తిరగమనే కంపెనీ ఒకటి ఈ భూమ్మీద ఉందని తెలిశాక సువర్చలకి రెండు రోజులు అన్నం సయించలేదు.

శిక్షణ రాజమండ్రిలో, ఒక లాడ్జి మేడమీద హాల్లో జరిగింది. ఇచ్చినవారు పరాంకుశం గారు. ఆయన హోదా, ప్రాంతీయ అతిథి సంతృప్తి సమన్వయాధికారి.

"కస్టమరు అనే పదాన్ని కంపెనీ గత సంవత్సరమే రద్దు చేసింది," అన్నారాయన. "మన దగ్గరకు వచ్చువారు ఇంధన అతిథులు. అది బంకు కాదు, ఇంధన ఆతిథ్య కేంద్రం. సదరు కేంద్రంలో అతిథి అడుగుపెట్టిన మూడు సెకన్లలోపు సిబ్బందిచే చిరునవ్వు జారీ చేయబడవలెను."

సువర్చల చెయ్యెత్తింది. "చిరునవ్వంటే ఎంత ఉండాలండి?"

"మంచి ప్రశ్న. పెదవులు విడివడి, పై వరుసలో కనీసం ఆరు పళ్ళు పది అడుగుల దూరానికి ఆనాలి. అయిదు కనిపిస్తే సున్నా మార్కులు. ఏడు కనిపిస్తే కంపెనీకి అభ్యంతరం లేదు."

వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు. "పళ్ళూడిపోయినోళ్ళు కూడా పనిచేస్తారు కదండీ?"

"సదరు సిబ్బంది విషయంలో, పళ్ళు ఉండవలసిన స్థానం కనిపించినా చాలునని మార్చి నెల సర్క్యులరు స్పష్టపరచుచున్నది."

పెద్దాయన తృప్తిగా కూర్చున్నాడు. వందకి నలభై మార్కులు ఆ నవ్వుకే. మిగతా అరవై చొక్కా గుండీలకీ, మరుగుదొడ్డి గడియకీ, నేలమీద మరకలకీ, క్యూలో నిలబడే సమయానికీ, గాలికీ, మంచినీళ్ళకీ. సువర్చల అంతా నోట్సు రాసుకుని, ముఖ్యమైన వాటికింద ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుంది.

మొదటి వారం స్వర్గంలా గడిచింది. రోజూ కాలేజీ అయ్యేదాకా ఆగి, ఫణి బండి తీయగానే ఆమె వెనకెక్కి భుజమ్మీద చెయ్యి వేసేది. కాలవగట్టు వెంట గాలి, మధ్యలో ఒక చెరుకురసం, ఒకే పొట్లంలో ఇద్దరికీ శనగలు. ఏ బంకుకి వెళ్ళినా పిల్లనిచ్చిన ఇంటివాళ్ళలా ఎదురొచ్చేవాళ్ళు. ఒకచోట ఆమె హెల్మెట్ అద్దం తుడిచి ఇచ్చారు. ఇంకోచోట మేనేజరు స్వయంగా మరుగుదొడ్డి దాకా గొడుగు పట్టి తీసుకెళ్ళాడు.

"ఏవండీ, మన జిల్లావాళ్ళు ఎంత మంచివాళ్ళో చూశారా!" అంది సువర్చల.

చేతులకి ఇంకా మోచేతుల దాకా గోరింటాకుతో, మెడలో పచ్చగా పసుపుతాడుతో వచ్చి, ఒక్క లీటరు కొట్టించుకుని, గాలి ఉందా, నీళ్ళున్నాయా, గడియ పడుతుందా అని వరసగా అడిగి, పది అడుగులు వెనక్కి నడిచి మొహంలోకి చూసి పెదవులు కదుపుతూ లెక్కపెట్టే కొత్త పెళ్ళికూతురు ఎవరో బంకువాళ్ళకి తెలియదని ఆ ఇద్దరూ మాత్రమే అనుకుంటున్నారు.

రెండో వారంలో గుమ్మలపాడు బంకుకి వెళ్ళారు. అక్కడ నాజిల్ పట్టుకుని నిలబడ్డ మనిషి పేరు నూకరత్నం అని చొక్కా మీద బిళ్ళ చెప్తోంది. నలభై అయిదేళ్ళుంటాయి. చీరమీద కంపెనీ చొక్కా వేసి గుండీలన్నీ పెట్టుకుంది.

"బండి దిగండమ్మా. బాబూ, ఫోను జేబులో ఎట్టండి. జీరో చూసుకోండి."

చూసుకున్నారు. చుక్క బయట పడకుండా పోసింది. నాజిల్ తీసేముందు రెండు సార్లు దులిపింది. మూత తనే తిప్పి, బిగిసిందో లేదో లాగి చూసింది. పక్కన ఒకాయన కారు స్టార్ట్ చేసి ఉంచితే, "ఇంజనాపితే పోత్తాను, లేపోతే మీ ఇట్టం," అని నాజిల్ దించేసింది. ఆయన వెంటనే ఆపాడు. నేల అద్దంలా ఉంది. గడియ పడుతోంది. క్యూ చకచకా కదులుతోంది. అరవైకి అరవై.

నవ్వు మాత్రం లేదు. మూడు సెకన్లు కాదు, సువర్చల చింతచెట్టు కింద నిలబడి ఇరవై నిమిషాలు చూసింది. ఒక్క పన్ను కూడా కనపడలేదు. కోపం లేదు, విసుగు లేదు, పని చేసుకుంటున్న మొహం, అంతే.

సువర్చల నిజమే రాసింది. నవ్వు: సున్నా. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళి, మళ్ళీ సున్నా రాసింది. నిజం రాయడంలో ఇంత బాధ ఉంటుందని ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఉప్పలగుంట బంకు. బండి ఇంకా రోడ్డు దిగకుండానే అయిదుగురు వరసగా నిలబడి ఉన్నారు. యజమాని అబ్బులు గారు మధ్యలో, అటిద్దరు ఇటిద్దరు కుర్రాళ్ళు. ఇస్త్రీ చొక్కాలు, వెలిగించిన అగరొత్తులు, తలకి పన్నెండేసి పళ్ళు.

"నమస్కారమండి! సుస్వాగతమండి!" అన్నారు అయిదుగురూ.

"ఒక లీటరు కొట్టండి," అన్నాడు ఫణి.

"లేదండి!" అన్నారు అబ్బులు గారు, నవ్వు ఏమాత్రం సడలకుండా.

"పెట్రోలు లేదా? ఎప్పుడొస్తుంది?"

"తెలీదండి! ట్యాంకరొచ్చి పదకొండు రోజులైందండి! మంచినీళ్ళు పుచ్చుకోండి. గాలి పట్టమంటారా?"

కాస్త దూరం వచ్చాక సువర్చల ఫోన్లో ఫారం తీసింది. నవ్వు, నలభై. నేలమీద మరకలు లేవు. క్యూ లేదు. వాసన లేదు, అగరొత్తుల వాసన తప్ప. అతిథితో వాగ్వాదం లేదు. సిబ్బంది చేతులు శుభ్రంగా ఉన్నాయి. అరవై నాలుగు ప్రశ్నలూ రెండుసార్లు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివింది. పెట్రోలు పోశారా అని ఎక్కడా లేదు. వందకి వంద వచ్చింది. దారిలో బండి ఆగిపోతే మూడు కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చారు. కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే అది కూడా బాగానే ఉందనిపించింది సువర్చలకి. ఫణికి ఎలా అనిపించిందో ఆయాసంలో చెప్పలేకపోయాడు.

నెలాఖరు సమీక్షలో పరాంకుశం గారు లేచి నిలబడి ప్రకటించారు. "ఈ మాసపు ఆదర్శ ఆతిథ్య కేంద్రం, ఉప్పలగుంట! కంపెనీ చరిత్రలో వందకి వంద ఇదే ప్రథమం."

"సర్, అక్కడ పెట్రోలు లేదండి," అంది సువర్చల.

"పెట్రోలు అని ఫారంలో కాలం ఉందా?"

"లేదండి."

"లేని కాలం గురించి వ్యాఖ్యానించుట రహస్య అతిథి పరిధిలోనికి రాదు." అని కూర్చోబోయి, ఆయన మధ్యలో ఆగిపోయారు. కళ్ళజోడు తీశారు. పెద్ద ఆలోచన వచ్చిన మనిషి మొహంలో వచ్చే వెలుగు ఆయన మొహంలోకి వచ్చింది. "ఆగండి. నేలమీద మరకలు ఎందుకు పడుతున్నాయి? పెట్రోలు వల్ల. క్యూ ఎందుకు ఏర్పడుతోంది? పెట్రోలు వల్ల. తక్కువ పోశావనీ, ఎక్కువ కొట్టావనీ వాగ్వాదాలు? పెట్రోలు వల్ల. చిరునవ్వు జారీ చేయవలసిన క్షణంలో సిబ్బంది దృష్టి ఎక్కడ ఉంటోంది? నాజిల్ మీద! ఆతిథ్యానికి ఇన్నాళ్ళూ అడ్డుపడుతున్నదేమిటో ఉప్పలగుంట మనకు చూపించింది."

చప్పట్లు మోగాయి. సాయంత్రానికి సర్క్యులరు తయారైంది. 'ఉప్పలగుంట నమూనా' ప్రకారం తనిఖీ సమయంలో ఆతిథ్యంపై పూర్తి దృష్టి నిలుపుటకు వీలుగా ఇంధన విడుదలను తాత్కాలికంగా నిలిపివేయవచ్చును.

"ఇక గుమ్మలపాడు," అన్నారు పరాంకుశం గారు కాగితం తిప్పుతూ. "రెండు తనిఖీలు, రెండు శూన్యాలు. మూడో పర్యాయం కూడా ఆరు పళ్ళు దర్శనమివ్వకపోతే సదరు సిబ్బందిని తొలగించవలెనని నియమావళి. సువర్చల గారు, ప్రారంభించినది మీరే. ముగించేది కూడా మీరే."

ఆ రోజు తిరుగు ప్రయాణంలో శనగల పొట్లం విప్పకుండానే ఇంటికొచ్చింది.

మూడో తనిఖీకి వెళ్ళేముందు ఫణిని కూర్చోబెట్టి చెప్పింది. "ఏవండీ, మీరు ఆవిణ్ణి నవ్వించాలి. ఏదైనా జోకు చెప్పండి."

"నాకు బోటనీ జోకులే వచ్చు."

"అవే చెప్పండి."

గుమ్మలపాడులో ఫణి గొంతు సవరించుకున్నాడు. "మొన్న మా క్లాసులో కిరణజన్య సంయోగక్రియ అంటే ఏంటని అడిగానండి. ఒకడు లేచి, కిరణ్‌కీ జన్యకీ పెళ్ళి కుదిరిందా సార్ అన్నాడండి."

నూకరత్నం నాజిల్ మీదనుంచి చూపు తిప్పలేదు. "కుదిరిందా మరి?"

సువర్చల వెనకనుంచి తన పళ్ళు ఇకిలించి చూపించింది, ఆవులింత అంటుకున్నట్టు నవ్వు కూడా అంటుకుంటుందేమోనని. నూకరత్నం మూత బిగించి, లాగి చూసి, అప్పుడు ఆమె వైపు తిరిగింది.

"ఒంట్లో బానే ఉందామ్మా?"

ఇంక ఆగలేక సువర్చల ఆవిణ్ణి గాలి మిషను వెనక్కి తీసుకెళ్ళి, కంపెనీ రహస్యమంతా చెప్పేసింది.

"మీరు తనికీ వాళ్ళని మొదటిరోజే తెల్సమ్మా. నీలం స్కూటరు, కొత్త జంట అని బంకులన్నిటికీ మీ ఫోటో వచ్చింది కదా."

సువర్చలకి చెవులు వేడెక్కాయి. "తెలిసీ నవ్వలేదా? ఉద్యోగం పోతుందండీ!"

"పోద్దని తెల్సు." నూకరత్నం చేతులు చూపించింది. వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. "ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్ళు రొయ్యల షెడ్డులో తలకాయలు తీశాను. ఐసు నీళ్ళమ్మా. ఇప్పటికీ ఈ రెండు వేళ్ళకి స్పర్శ లేదు. ఈ పని పోతే మళ్ళీ అక్కడికే. నాకు మాత్రం పోగొట్టుకోవాలని ఉంటదా?"

"మరైతే ఒక్కసారి నవ్వచ్చు కదండీ? ఆరు పళ్ళు చాలు."

"నవ్వొచ్చే మాటకి నవ్వుతానమ్మా, రాయిని కాదుగా. పెట్రోలు పోసేటప్పుడు నవ్వేంటి? అది నిప్పుతో సమానం. చెయ్యి కదిలితే ఎంతమంది కాలతారు? మొహం చూసి నవ్వమంటే నాజిల్ ఎవరు చూత్తారు?"

అంతలో లారీ వచ్చింది. ఆవిడ వెళ్ళిపోయింది. సువర్చల ఫోను పట్టుకుని చెరుకురసం బండి దగ్గర గంట కూర్చుంది. చివరికి సున్నా నొక్కింది. అబద్ధం రాయడం ఆమెకి చేతకాదు. నొక్కాక ఏడ్చింది. ఫణి తన గ్లాసు కూడా ఆమెకే ఇచ్చాడు.

ఈలోగా ఉప్పలగుంట నమూనా జిల్లాలో ఊపందుకుంది. తనిఖీ సమయంలో పెట్రోలు ఆపవచ్చునన్నారు సరే, తనిఖీకి వచ్చేది ఎవరో తెలియాలిగా? మిగతా రహస్య అతిథుల ఫోటోలు ఇంకా బంకులకి చేరలేదు. ట్రాక్టరు తోలేవాడు కావచ్చు, మాస్టారు కావచ్చు, చేపల బుట్టతో వచ్చినవాడు కావచ్చు. రిస్కెందుకని ఎవరొచ్చినా ఆపేశారు. వారం తిరిగేసరికి ఏ బంకుకెళ్ళినా నమస్కారం, నవ్వు, అగరొత్తి, మంచినీళ్ళు. "పెట్రోలు?" "లేదండి!" భూగర్భంలో నిండా పెట్రోలు, పైన నిండా నవ్వులు. జనం ఖాళీ ట్యాంకులతో, చల్లటి కడుపులతో వెనక్కి పోతున్నారు. ఒక్క గుమ్మలపాడులో మాత్రం నూకరత్నం సర్క్యులరు పక్కన పెట్టి, "బండి దిగండి, జీరో చూసుకోండి," అంటూ పోస్తూనే ఉంది. క్యూ రైలు గేటు దాకా సాగింది.

తొలగింపు ఉత్తర్వు పట్టుకుని పరాంకుశం గారు స్వయంగా బయల్దేరారు. దారిలో నాలుగు ఆతిథ్య కేంద్రాల్లో ఆయనకి అపూర్వ స్వాగతం లభించింది. అయిదోదానికి ముందే కారు ఆగిపోయింది. గుమ్మలపాడు క్యూలోకి ఆయనా డ్రైవరూ కారుని తోసుకుంటూ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. నూకరత్నానికి క్షమాపణ చెప్పుకుందామని వచ్చిన సువర్చల, ఫణి అప్పటికే క్యూలో ఉన్నారు.

"సదరు సిబ్బంది ఎక్కడ?" అన్నారు పరాంకుశం గారు చెమట తుడుచుకుని, ఉత్తర్వు తీసి పట్టుకుంటూ.

"ముందు ఆయిలు కొట్టించుకుందామండి," అన్నాడు డ్రైవరు. "తర్వాత ఇద్దురుగాని."

ఆయన వంతు వచ్చేసరికి ఫోను మోగింది. హైదరాబాదు హెడ్డాఫీసు. ఆయన ఎత్తి "చిత్తం సర్" అన్నారో లేదో నూకరత్నం నాజిల్ దించేసింది.

"ఫోను అవతలికెళ్ళి మాట్టాడుకోండి బాబూ. ఇక్కడ కాదు."

కారుని అక్కడే వదిలి ఆయన చింతచెట్టు కిందికి పరుగెత్తారు. పెట్రోలు కొట్టించుకున్నాక సువర్చల కూడా అక్కడే నిలబడి ఉంది కాబట్టి అంతా వినపడింది. జిల్లాలో అన్ని కేంద్రాల అమ్మకాలూ అడుగంటాయి, గుమ్మలపాడు ఒక్కదాంట్లో ఆరు రెట్లు పెరిగాయి, దానికి కారణమేమిటో గంటలో తెలియజేయవలెను, లేనిచో తమరు సంజాయిషీ ఇవ్వవలెను.

పరాంకుశం గారు ఫోను ఆపి, ఉత్తర్వు వైపు చూశారు. బారులు తీరిన క్యూ వైపు చూశారు. నూకరత్నం మొహం వైపు చాలాసేపు చూశారు. మళ్ళీ ఆ వెలుగు వచ్చింది.

"సువర్చల గారూ! జిల్లాలో అత్యధిక అమ్మకాలు ఇక్కడ. జిల్లాలో అత్యల్ప చిరునవ్వు కూడా ఇక్కడే. ఈ రెంటికీ సంబంధం ఉన్నట్టు మీకు తోచడం లేదూ? నవ్వు లేకపోవుటయే అమ్మకాలకు మూలకారణం! మీరు స్టాటిస్టిక్స్ కదా, శాస్త్రం ఏమంటుంది?"

రెండు విషయాలు కలిసి జరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదని మొదటి సెమిస్టరు మొదటి నెలలోనే చెప్తారు. సువర్చలకి ఆ పాఠంలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. చెబుదామని నోరు తెరిచింది. ఆయన చేతిలో ఉత్తర్వు, అవతల నాజిల్ చుట్టూ బిగుసుకున్న తెల్లటి వేళ్ళు కనిపించాయి.

"సందేహమే లేదండి," అంది. "సంబంధం చాలా బలంగా ఉంది."

"రాసివ్వగలరా?"

"ఇప్పుడే ఇస్తానండి. గ్రాఫుతో సహా."

పరాంకుశం గారు తొలగింపు ఉత్తర్వుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఫణి భార్య వైపు కొత్తగా చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా అలా చూడలేదు.

పది రోజుల్లో 'గంభీర వదన విధానం' అమల్లోకి వచ్చింది. అతిథికి ఒక్క పన్ను కనిపించినా నలభై మార్కులూ పోతాయి. ఇదివరకు మూడు అవకాశాలు ఉండేవి, ఇప్పుడు మొదటి నవ్వుకే తొలగింపు. ప్రతి కేంద్రంలోనూ నూకరత్నం మొహాన్ని నిలువెత్తు ఫోటో తీసి అంటించారు. కనుబొమలకి ఒకటి, పెదవులకి రెండు, గడ్డానికి మూడు అని బాణం గుర్తులు వేసి, కింద కొలతలు రాశారు. శిక్షణ ఇవ్వడానికి గుమ్మలపాడుని కేంద్రంగా ప్రకటించారు. పెట్రోలు గురించి మాత్రం కొత్త ఫారంలో కూడా కాలం లేదు. అయితే ఫోటోలో ఆవిడ చేతిలో నాజిల్ ఉంది కాబట్టి, నమూనా ప్రకారం అందరూ నాజిల్ పట్టుకోవలసి వచ్చింది. పట్టుకున్నాక ఊరికే ఎంతసేపు ఉంటారు, పోయడం కూడా మొదలుపెట్టారు.

కొత్త విధానంలో మొదటి తనిఖీ గుమ్మలపాడుకే పడింది. సువర్చల, ఫణి వెళ్ళేసరికి ఉప్పలగుంట జట్టు శిక్షణలో ఉంది. అబ్బులు గారూ, ఆయన నలుగురు కుర్రాళ్ళూ ఫోటో ముందు వరసగా నిలబడి, నవ్వు ఆపుకోలేక బుగ్గలు లోపలికి పీల్చుకుని, కనుబొమలు వేళ్ళతో కిందికి లాక్కుంటున్నారు. నెలల తరబడి నవ్వీ నవ్వీ వాళ్ళ దవడలు అలాగే ఉండిపోయాయి. అబ్బులు గారు రెండు చేతులతో తన పెదవులు మూసి పట్టుకుని, ముక్కుతో "ఇలాగేనా అండీ?" అని అడిగారు.

నూకరత్నం ఫణి బండిలో లీటరు పూర్తిగా పోసింది. నాజిల్ రెండుసార్లు దులిపి దాని చోట పెట్టింది. మూత తిప్పి, బిగిసిందో లేదో లాగి చూసింది. అప్పుడు తిరిగి, ముందు ఫోటోలో తన మొహాన్నీ, తర్వాత అబ్బులు గారి మొహాన్నీ చూసింది.

నవ్వింది. చొక్కా అంచు నోటికి అడ్డం పెట్టుకోబోయి, చెయ్యి సగంలోనే ఆగిపోయి, పొట్ట పట్టుకుని, గాలి మిషనుకి ఆనుకుని మరీ నవ్వింది. సువర్చల అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. పైన పద్నాలుగు, కింద కనిపించినన్ని.

చింతచెట్టు పక్కకి వచ్చి ఫోను తెరిచింది. మొదటి ప్రశ్న: సిబ్బంది వదనము?

"ఏం రాస్తావు?" అన్నాడు ఫణి, గొంతు తగ్గించి.

"నాకేం కనపడలేదండీ. ఎండ కళ్ళలో పడుతోంది."

"పొద్దుట్నుంచీ మబ్బు పట్టి ఉంది కదే!"

"మీరు బోటనీ వాళ్ళు. వాతావరణం మీకెందుకు?"

సువర్చల 'గంభీరము' దగ్గర గట్టిగా నొక్కింది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఏ పక్షమూ చూపించకూడదు కాబట్టి, రెండో చేత్తో తన నోరు మూసుకుంది.